హైబ్రిడ్ కారు రిజర్వ్‌లో పడితే ఏది నమ్మాలి: లైటా, కిలోమీటర్ల అంకా, బ్యాటరీనా?

పెట్రోలు ఇంజిన్‌తో పాటు బ్యాటరీ, మోటారు కూడా ఉండే హైబ్రిడ్ కారు కొన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడుగుతారు. పెట్రోలు లైటు వెలిగింది. తెర మీద మాత్రం ఇంకా యాభై కిలోమీటర్లు పోతుందని ఉంది. బ్యాటరీలో గీతలు కూడా బాగానే ఉన్నాయి. ఇప్పుడే బంకులోకి తిప్పాలా, ఇంకాస్త దూరం పోనివ్వచ్చా?

చాలామంది ధైర్యం బ్యాటరీ మీదే. నష్టం ఎక్కువ జరిగేదీ అక్కడే కాబట్టి దానితోనే మొదలుపెడతాను. ప్లగ్ పెట్టి చార్జ్ చేయని మామూలు హైబ్రిడ్‌లో బ్యాటరీ మనం అనుకునేదానికంటే చాలా చిన్నది. టయోటా హైబ్రిడ్ కారు ప్రియస్ రెండో, మూడో తరాల్లో దాని మొత్తం సామర్థ్యం సుమారు 1.3 యూనిట్లు. అందులోనూ కంప్యూటర్ మధ్య భాగాన్నే వాడనిస్తుంది, పూర్తిగా నిండనివ్వదు, పూర్తిగా ఖాళీ కానివ్వదు. ఒక లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుందని గుర్తుంచుకుంటే తేడా తెలుస్తుంది. కాళ్లకింద గుడ్డు పెట్టుకున్నట్టు మెల్లగా నడిపితే ఒకటి రెండు కిలోమీటర్లు వస్తాయేమో. ఎత్తు ఎక్కాల్సి వస్తే అదీ అనుమానమే.

దూరం సంగతి అలా ఉంచండి. నా దృష్టిలో అసలు తేల్చాల్సింది ఇంకొకటి ఉంది. ఈ కార్లలో ఇంజిన్‌కి సెల్ఫ్ కొట్టేది కూడా బండిని నడిపే ఈ బ్యాటరీయే (12 వోల్టుల మామూలు బ్యాటరీ పక్కన ఇదే పెద్దది). టయోటా హైబ్రిడ్లలో విడిగా స్టార్టర్ మోటారు ఉండదు. పెద్ద బ్యాటరీ కరెంటుతో జనరేటరే ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేస్తుంది. పెట్రోలు అయిపోయాక బ్యాటరీ మీద బండిని లాగుతూ పోతే, రేపు ఇంజిన్‌ని లేపాల్సిన శక్తినే ఖర్చు పెడుతున్నట్టు. అది మరీ అడుగంటితే తరవాత ట్యాంకు నిండా పెట్రోలు పోసినా ఇంజిన్ తిరగదు. 12 వోల్టుల చిన్న బ్యాటరీకి జంపర్ కేబుల్ తగిలిస్తే కంప్యూటర్లు, లైట్లు పని చేస్తాయి, అంతే. తోసి స్టార్ట్ చేద్దామంటే క్లచ్ లేదు, చక్రాలు తిరిగినంత మాత్రాన ఇంజిన్ తిరగదు. పెద్ద బ్యాటరీకి చార్జ్ పెట్టగల పరికరం ఉన్న చోటికి బండిని ఎక్కించుకుపోవాల్సిందే. మామూలు పెట్రోలు కారులో డబ్బాతో రెండు లీటర్లు తెచ్చి పోస్తే తీరిపోయే ఇబ్బంది, ఇక్కడ పెద్ద రిపేరు దాకా పోతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు కారు పెట్రోలు అయిపోయే ముందు దగ్గుతుంది, కుదుపుతుంది, మనకి తెలిసిపోతుంది. హైబ్రిడ్‌లో ఇంజిన్ ఆగడం రోజూ పదిసార్లు జరిగే పనే. పెట్రోలు అయిపోయి నిజంగానే ఆగిపోయినా బండిని బ్యాటరీ మోటారు లాగుతూనే ఉంటుంది. హెచ్చరిక లైట్లు వెలిగేదాకా ఏం జరిగిందో తెలియదు. అప్పుడు పవర్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతూ కూర్చుంటే, ఒక్కో ప్రయత్నానికీ మిగిలిన చార్జ్ ఇంకాస్త తరుగుతుంది.

ఇక తెర మీది కిలోమీటర్ల అంకె. దాన్ని పూర్తిగా కొట్టిపారేయను. మీ ఇటీవలి మైలేజీని మిగిలిన పెట్రోలుతో లెక్కకట్టి అది చూపిస్తుంది. అంటే గడిచిన ప్రయాణం గురించి చెబుతుంది కానీ ముందున్న దారి దానికి తెలియదు. హైబ్రిడ్‌లో ఇది మరింత ముఖ్యం. ఊళ్లో ఆగుతూ కదులుతూ పోయేటప్పుడే ఈ కార్లు బాగా మైలేజీ ఇస్తాయి, హైవే మీద వేగంగా పోతే తగ్గిపోతుంది. ఊరి లెక్కతో వచ్చిన యాభైని నమ్మి హైవే ఎక్కితే, మీరు పోయిన దూరం కంటే ఆ అంకె వేగంగా పడిపోతుంది. సున్నా చూపించాక ఎంత మిగులుతుందన్నది ఒక్కో మోడల్‌లో ఒక్కోలా ఉంటుంది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

లైటు సంగతి వేరు. అది మైలేజీని చూడదు, ట్యాంకులో ఉన్నదాన్నే చూస్తుంది. మూడో తరం ప్రియస్‌లో 45 లీటర్ల ట్యాంకుకి సుమారు 6 లీటర్లు మిగిలినప్పుడు వెలుగుతుంది. కాగితం మీద వంద కిలోమీటర్లకు పైనే. కానీ ఎత్తుపల్లాల్లో, మలుపుల్లో పెట్రోలు ఒక పక్కకి ఒరిగి పంపు గాలి పీల్చే అవకాశం ఉంది. పైగా ట్యాంకులో ఉండే పంపుని చల్లబరిచేది కూడా ఆ పెట్రోలే. అందుకే నాకు లైటే హద్దు. అది వెలిగాక కనబడిన మొదటి బంకులో ఆగుతాను. దూర ప్రయాణమైతే, బంకులు పలచగా ఉండే దారైతే, పావు ట్యాంకు దగ్గరే కొట్టించేస్తాను. బరువు తగ్గితే మైలేజీ పెరుగుతుందని ట్యాంకుని ఎప్పుడూ అడుగునే ఉంచేవాళ్లున్నారు. ఇరవై లీటర్ల పెట్రోలు బరువు పదిహేను కిలోలే, ఆ లాభం కంటికి కూడా ఆనదు.

డిక్కీలో పెట్రోలు డబ్బా పెట్టుకు తిరగడం వద్దే వద్దు, ఆవిరి ప్రమాదం. మోటారు ఇంజిన్‌కి చేయూత మాత్రమే ఇచ్చే మైల్డ్ హైబ్రిడ్ అయితే ఇంజిన్ లేకుండా కదలదు, మామూలు పెట్రోలు కారులాగే చూసుకోండి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో చార్జ్ నిండా ఉంటే కొన్ని పదుల కిలోమీటర్లు నిజంగానే పోవచ్చు. అయినా కొన్ని మోడళ్లు గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినా, హీటర్ వేసినా ఇంజిన్‌ని పిలుస్తాయి.

ఒకవేళ పెట్రోలు అయిపోయి ఇంజిన్ ఆగిందని తేలితే, చార్జ్ ఉండగానే భద్రమైన చోట పక్కకి తీసి ఆపేయండి. బంకు దాకా ఈడ్చుకుపోదామని చూడకండి. తెప్పించే పెట్రోలు ఒకటి రెండు లీటర్లయితే సరిపోకపోవచ్చు. మూడో తరం ప్రియస్ మాన్యువల్ చదునైన నేల మీద సుమారు 7.5 లీటర్లు పొయ్యమంటుంది. లైటు ఆరేంత పోశాకే బటన్ నొక్కండి.