తడోబా వెళ్ళేవాళ్ళు జాగ్రత్త: రూమ్‌తో పాటు సఫారీ మేమే ఇప్పిస్తాం అంటే పర్మిట్ చూడకుండా డబ్బు కట్టకండి

సెలవుల్లో పిల్లల్ని తీసుకుని మహారాష్ట్ర చంద్రాపూర్ జిల్లాలోని తడోబా పులుల అడవికి వెళ్దాం అనుకుంటున్నవాళ్ళు రూమ్ బుక్ చేసే ముందు దయచేసి ఇది పూర్తిగా చదవండి. అక్కడ మొహర్లీ గేటు వైపు ఒక రిసార్ట్, దానికి హైదరాబాద్‌లో కస్టమర్లని పట్టిచ్చే ఒక తెలుగు బ్రోకర్, ఇద్దరూ కలిసి మా ఫ్యామిలీని మోసం చేశారు. కంప్లైంట్ నడుస్తోంది కాబట్టి పేర్లు ఇక్కడ రాయట్లేదు. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తున్నా. మన హైదరాబాద్, ఆదిలాబాద్, మంచిర్యాల వైపు నుంచి ఇప్పుడు చాలామంది బల్లార్షా దాకా ట్రైన్‌లోనో, కారేసుకునో తడోబా వెళ్తున్నారు, వీళ్ళు కూడా సరిగ్గా ఈ తెలుగువాళ్ళనే టార్గెట్ చేస్తున్నారు.

వాట్సాప్‌లో పంపిన ప్యాకేజీ పేరు జంగిల్ ప్లాన్. అంటే రూమ్, మూడు పూటలా భోజనం, మనిషికి రెండు సఫారీలు అన్నీ కలిపి ఒకే రేటు. అడవి దగ్గర లాడ్జ్‌లలో ఈ ప్లాన్ మామూలే, మంచి రిసార్ట్‌లు కూడా ఇస్తాయి, అందులో తప్పేం లేదు. మేం అమ్మానాన్న, చెల్లి, బావ, పిల్లలు అందరం కలిసి వెళ్తున్నాం కాబట్టి రెండూ కోర్ సఫారీలే, అంటే అడవి లోపలి ముఖ్య భాగంలోవే కావాలి, దాని చుట్టూ ఉండే బఫర్ వద్దు అని ముందే స్పష్టంగా రాసి పెట్టా. "అన్నా మీరేం టెన్షన్ పెట్టుకోకండి, సోమవారం సాయంత్రం ఒకటి, మంగళవారం పొద్దున ఒకటి, రెండూ కోర్, కన్ఫర్మ్, ఆధార్ కార్డులు పంపండి చాలు" అన్నాడు బ్రోకర్. ఆధార్‌లు పంపాం, సగం డబ్బు యూపీఐలో కొట్టాం. ఓచర్ కూడా వచ్చింది, దాని మీద అవే రెండు సఫారీలు రాసి ఉన్నాయి. తర్వాత పర్మిట్ పంపు తమ్ముడూ అని అడిగిన ప్రతిసారీ ఒకటే మాట, "పర్మిట్ గేట్ దగ్గరే ఇస్తారన్నా".

ఇది పచ్చి అబద్ధం. తడోబా సఫారీ పర్మిట్ అటవీ శాఖ ఆన్‌లైన్‌లో ఇస్తుంది, బుక్ అయిన వెంటనే పీడీఎఫ్ వస్తుంది, దాని మీద మీ పేర్లు, ఐడీ నంబర్లు, ఏ గేటు, ఏ తేదీ, పొద్దున షిఫ్టా సాయంత్రం షిఫ్టా అన్నీ ఉంటాయి. గేటు దగ్గర ఒరిజినల్ ఐడీతో సరిచూసి లోపలికి పంపుతారు. ఒక జిప్సీకి, అంటే సఫారీ ఓపెన్ జీపుకి ఆరుగురు టూరిస్టులు, వాళ్ళతో పాటు గైడ్ తప్పనిసరి. ఒక్కో గేటు నుంచి షిఫ్టుకి ఇన్ని బండ్లే అని లెక్క ఉంటుంది. ఎండాకాలం చిన్న కుంటలన్నీ ఎండిపోయి పులులు మిగిలిన నీళ్ళ దగ్గరికి వస్తాయి కాబట్టి ఏప్రిల్, మే పర్మిట్లకి విపరీతమైన గిరాకీ, వీకెండ్‌వి ఎప్పుడో అయిపోతాయి. అంటే లాడ్జ్ వాడి దగ్గర గదులు ఖాళీగా ఉంటాయి కానీ కోర్ పర్మిట్లు దొరకవు, పర్మిట్ లేదు అని నిజం చెప్తే గది ఎవరూ తీసుకోరు. అసలు అబద్ధం పుట్టేది ఇక్కడే.

సోమవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేనేజర్ ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. అందులో ఉన్నవి మా పేర్లు కావు, ఎవరో పుణె వాళ్ళవి. ఇదేంటి అంటే వాళ్ళు రావట్లేదు సార్, గేట్ దగ్గర ఎవరైనా అడిగితే మీరే వాళ్ళమని చెప్పండి, అందరూ ఇలాగే వెళ్తారు అని హిందీలో చాలా మామూలుగా చెప్తున్నాడు. మా నాన్న రిటైర్డ్ టీచర్, వేరేవాళ్ళ పేరు చెప్పుకుని నేను ఎక్కడికీ రాను అని అక్కడే కుర్చీలో కూర్చుండిపోయారు. నేనూ ఒప్పుకోలేదు. గేటు దగ్గర పట్టుకుంటే మాట పడేది మేనేజర్ కాదు, తప్పుడు పేరుతో నిలబడ్డ మనం, మన పిల్లల ముందు. అరగంట గొడవ తర్వాత కోర్ లేదు, బఫర్‌కి పంపుతా అన్నాడు, అదీ రేటు తగ్గించకుండా.

ఇక మంగళవారం సంగతి. తడోబా కోర్ ప్రతి మంగళవారం సెలవు! ఆ ఏరియాలో టీ కొట్టు దగ్గర నిలబడ్డ పిల్లాడికి కూడా తెలిసిన విషయం. ఏళ్ళ తరబడి గేటు పక్కనే లాడ్జ్ నడుపుతున్నవాడు మంగళవారం పొద్దున కోర్ సఫారీ కన్ఫర్మ్ అని ఓచర్ మీద రాసిచ్చి మా దగ్గర డబ్బు తీసుకున్నాడు. పొరపాటున జరిగింది అంటే నేను నమ్మను, ఎందుకంటే అదే రోజు అక్కడే దిగిన కరీంనగర్ ఫ్యామిలీ ఓచర్ మీద కూడా అచ్చం ఇదే ఉంది, సోమవారం సాయంత్రం, మంగళవారం పొద్దున. వీకెండ్‌లో గదులు ఎలాగూ నిండుతాయి, సోమ మంగళవారాలు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఆ గదుల్ని తెలియనివాళ్ళకి అంటగడుతున్నారు. మీకు ఎవరైనా తడోబాలో మంగళవారం కోర్ సఫారీ అంటే అక్కడితో మాటలు ఆపేయండి. అలాగే జూలై 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా వానలకి కోర్ మూసేస్తారు, ఆ నెలల్లో ఎవరైనా కోర్ అన్నా అంతే.

గేటు విషయం కూడా చెప్పాలి, ఇందులో చాలామంది చిక్కుకుంటున్నారు. ఫొటోల కింద "గేటుకి 500 మీటర్లు" అని రాస్తారు. ఏ గేటు? మొహర్లీ, ఖుట్వండా, కొలారా, నవేగావ్, ఝరీ, పాంగ్డీ, ఇవి కోర్ గేట్లు. అగర్‌ఝరీ, దేవాడా, జునోనా లాంటివి బఫర్ గేట్లు. బఫర్‌లో కూడా పులులు బాగానే కనపడతాయి, దాన్ని తక్కువ చేసి చెప్పట్లేదు, కానీ దాని రేటు వేరు, కోర్ రేటు వేరు. మాకు చెప్పిన 500 మీటర్ల గేటు బఫర్ గేటు. ఇంకో సంగతి, ఒకవేళ పర్మిట్ కొలారా గేటుకి దొరికి రూమ్ మొహర్లీలో తీసుకున్నారనుకోండి, అడవి మధ్యలోంచి అడ్డంగా వెళ్ళడానికి లేదు, పార్కు చుట్టూ తిరిగి గంటల ప్రయాణం, తెల్లారకముందే గేటు దగ్గర ఉండాలి కాబట్టి చిన్నపిల్లలతో అది అయ్యే పని కాదు. కరీంనగర్ వాళ్ళకి తెలిసినవాళ్ళు ఇలాగే ఇరుక్కున్నారంట పాపం. కాబట్టి ముందు పర్మిట్, అది ఏ గేటుకి వచ్చిందో చూసుకుని ఆ గేటు దగ్గర రూమ్. ఈ వరస తిరగబడిందా, లాడ్జ్ వాడు చెప్పిందే వేదం అయిపోతుంది.

పులి గ్యారంటీ అనేవాణ్ణి అసలు నమ్మకండి. మాకు పంపిన బ్రోచర్‌లో మాయ ఫొటో పెట్టి "మాయ సైటింగ్ పక్కా" అని రాశారు. మాయ అంటే పాంఢర్‌పౌనీ దగ్గర ఏళ్ళ తరబడి టూరిస్టులకి కనిపించిన ఆడపులి, తడోబాకి ఎంతమందో ఆ ఒక్క పులి కోసమే వచ్చేవాళ్ళు. 2023 ఆగస్టు తర్వాత అది ఎవరికీ కనపడలేదు. అలాంటి పులి పేరు పెట్టి పిల్లలకి ఆశ చూపించి టికెట్లు అమ్మడం నాకు చాలా బాధ అనిపించింది, మా చెల్లి కొడుకు మాయ బొమ్మ గీసుకుని మరీ తెచ్చుకున్నాడు.

రూమ్ గురించి తొందరగా చెప్పేస్తా. ఫొటోలో చూపించిన కాటేజీ వేరు, ఇచ్చిన గది వేరు, వెనకాల వరసలో రేకుల కప్పు. చంద్రాపూర్ మే ఎండ 45 డిగ్రీలు దాటుతుంది, అక్కడ ఏసీ లేకపోతే పెద్దవాళ్ళు తట్టుకోలేరు, కరెంట్ పోతే జనరేటర్ మీద ఏసీ నడవదంట, ఫ్యాను మాత్రమేనంట, ఆ ముక్క ముందు చెప్పలేదు. రాత్రంతా అమ్మకి తడిబట్ట వేస్తూ కూర్చున్నాం. బాత్రూమ్‌లో నీళ్ళు ఉప్పగా, సన్నగా. భోజనం పర్లేదు, వంటమనిషి పాపం మంచివాడు.

కానీ వీటన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఫెన్సింగ్ లేకపోవడం. రిసార్ట్ ముందువైపు అందంగా గోడ, గేటు, లైట్లు, వెనకవైపు ఏమీ లేదు, గడ్డి, పొదలు, అక్కడినుంచి అడవే. మా గదులు ఆ వెనకవైపే. డైనింగ్ హాల్‌కి గదులకి మధ్య దారిలో ఒక్క లైటు లేదు. చంద్రాపూర్ జిల్లాలో ఏటా మనుషులు పులుల దాడుల్లో చనిపోతున్నారు, ఎండాకాలంలో తునికాకు కోయడానికి, ఇప్పపూలు ఏరడానికి పొద్దున్నే అడవిలోకి వెళ్ళే ఊరివాళ్ళే ఎక్కువగా బలైపోతున్నారు. చిరుతలైతే ఊళ్ళలోకే వస్తాయి. అలాంటి చోట సాయంత్రం పూట అక్కడి కుర్రాడు ఒకడు పిల్లల్ని వెనకాల కుంట దాకా నేచర్ వాక్‌కి తీసుకెళ్తా, మనిషికి ఇంత అన్నాడు. వాడికి యూనిఫాం లేదు, గైడ్ కార్డు లేదు, చేతిలో ఒక టార్చి. చెల్లి వెంటనే పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపేసింది. రాత్రి భోజనాలయ్యాక ఇంకో ఆఫర్, రిసార్ట్ జీపులో రోడ్డు మీద స్పాట్‌లైట్ వేసి జంతువుల్ని చూపిస్తారంట. ఎవరో ప్రైవేట్ జీపులో లైట్లేసుకుని అడవి అంచున జంతువుల్ని తరమడం సఫారీ కాదు, చట్టం కూడా ఒప్పుకోదు. మన కాగజ్‌నగర్, కవ్వాల్ అడవులకి వచ్చే పులులు చాలావరకు ఈ తడోబా వైపు నుంచి నడుచుకుంటూ వచ్చేవే, వాటిని ఇంత హీనంగా వ్యాపారం చేస్తుంటే మనం డబ్బులిచ్చి ప్రోత్సహించొద్దు.

చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు బుక్ చేసే ముందు వెనకవైపు ఫెన్సింగ్ వీడియో, రాత్రిపూట దారి లైట్ల వీడియో వాట్సాప్‌లో అడగండి. స్విమ్మింగ్ పూల్ వీడియో అడగకుండానే పంపిస్తారు, ఇది అడిగితే ఏం చెప్తారో చూడండి.

బిల్లు దగ్గర మళ్ళీ గొడవ. తెల్ల కాగితం మీద ఎస్టిమేట్ అని రాసి 12 శాతం జీఎస్టీ వేశారు, జీఎస్టీ నంబర్ ఎక్కడా లేదు. రోజుకి 7,500 రూపాయలు దాటని గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. నంబర్ లేని కాగితం మీద పన్ను కట్టక్కర్లేదు అని బావ గట్టిగా నిలబడితే ఆ లైను కొట్టేశారు. కోర్ సఫారీల డబ్బు వెనక్కి ఇవ్వమంటే మాత్రం అది బ్రోకర్ని అడగండి అన్నాడు, బ్రోకర్‌కి ఫోన్ చేస్తే రిసార్ట్ వాళ్ళనే అడగండన్నా అన్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. డబ్బు వెళ్ళింది రిసార్ట్ పేరు మీద కాదు, ఒక మనిషి పేరు మీద ఉన్న యూపీఐకి, అందుకే వీళ్ళకి ఇంత ధైర్యం.

చివరి రాత్రి అక్కడ ఉండబుద్ధి కాక దగ్గరి ఊళ్ళో ఒక హోమ్‌స్టేకి మారాం. చిన్న ఇల్లు, కూలర్, శుభ్రమైన పక్కలు, చుట్టూ గట్టి కంచె. ఆ ఇంటావిడ జొన్న భాకరీ, పిఠ్లా చేసి పెట్టింది, అడగ్గానే రసీదు రాసిచ్చింది. అక్కడ అందరూ మోసగాళ్ళు కాదని చెప్పడానికే ఇది రాస్తున్నా. మొహర్లీలో ప్రభుత్వానిదే ఎంటీడీసీ రిసార్ట్ కూడా ఉంది, గవర్నమెంట్‌ది కావాలనుకునేవాళ్ళు అది కూడా చూసుకోవచ్చు.

పర్మిట్ మీరే బుక్ చేసుకోవడం పెద్ద కష్టం కాదు. మహారాష్ట్ర అటవీ శాఖ సైటు మైతడోబా డాట్ మహాఫారెస్ట్ డాట్ గవ్ డాట్ ఇన్. గూగుల్‌లో తడోబా సఫారీ అని కొడితే ఇలాంటి పేర్లతోనే ప్రైవేట్ సైట్లు బోలెడు వస్తాయి, చివర గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకోండి. 2023లో అయితే తడోబా ఆన్‌లైన్ బుకింగ్ చూసుకునే ప్రైవేట్ ఏజెన్సీ మీదే 12 కోట్లకు పైగా ఎగ్గొట్టారని అటవీ శాఖ పోలీసు కేసు పెట్టింది, ఆ తర్వాత బుకింగ్ ఈ ప్రభుత్వ సైటుకి మారింది. ఇంత జరిగిన చోట బ్రోకర్ నోటిమాట మీద డబ్బు పెట్టడం అస్సలు వద్దు. లాడ్జ్ వాళ్ళ చేతే బుక్ చేయించుకుంటాం అంటే కూడా సరే, కానీ మీ పేర్లతో ఉన్న పర్మిట్ పీడీఎఫ్ చేతికి వచ్చాకే సఫారీ డబ్బు, రూమ్ డబ్బు వేరుగా, సఫారీ డబ్బు వేరుగా, రెండూ విడివిడిగా రాయించుకోండి.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు ఊరుకోకండి. నకిలీ బుకింగ్‌కి ఆన్‌లైన్‌లో డబ్బు పోతే వెంటనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. సర్వీస్ ఇస్తామని ఇవ్వనిదానికి కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915. దాంతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, దీనికోసం చంద్రాపూర్ తిరగక్కర్లేదు, 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊరి కమిషన్‌లోనే వేసుకోవచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోంచే ఫైల్ చేయొచ్చు. వాట్సాప్ చాట్, ఓచర్, యూపీఐ స్క్రీన్‌షాట్, గది ఫొటోలు ఏవీ డిలీట్ చేయకండి, బ్రోకర్ మాకు పంపిన మెసేజ్‌లు కొన్ని అప్పుడే వాడివైపు నుంచి డిలీట్ చేసేశాడు, ముందే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టడం వల్ల మా కేసు నిలబడింది.

1915కి కంప్లైంట్ పెట్టాక రిసార్ట్ వాళ్ళు ఒక సఫారీ డబ్బు వెనక్కి వేశారు, మిగతాదానికి కమిషన్‌లో వేస్తున్నాం. కరీంనగర్ వాళ్ళు కూడా మాతో కలిశారు. సోమ, మంగళవారాలకి ఇలాంటి ఓచర్ ఇంకెవరి దగ్గరైనా ఉంటే నాకు మెసేజ్ చేయండి, అదే బ్రోకరో కాదో నంబర్ చూసి చెప్తా.