కర్రీ పాయింటా, మెస్సా, ఇంటి క్యారేజీయా: నల్లకుంటలో ఏది మేలు?

అమ్మకి మోకాలి ఆపరేషన్ అయిన తర్వాత నాలుగు నెలలు మా వంటగదిలో అన్నం కుక్కర్ తప్ప మరో గిన్నె పొయ్యెక్కలేదు. నేను పొద్దున తొమ్మిదికి ఆఫీసుకి వెళ్తే మళ్ళీ ఇల్లు చేరేసరికి రాత్రి ఏడవుతుంది. మా అన్నయ్య కొడుకు మా ఇంట్లోనే ఉండి విద్యానగర్‌లో కోచింగ్‌కి వెళ్తున్నాడు. ఇరవై రెండేళ్ళ వాడి ఆకలి, షుగరూ బీపీ ఉన్న అమ్మ పథ్యం, ఈ రెండింటికీ సరిపోవాల్సిన నా జీతం. ఎక్కడ తింటే బాగుంటుందా అని హైదరాబాద్‌లోని మా నల్లకుంట, విద్యానగర్ సందులన్నీ తిరిగాను. ఏం తిన్నామో, ఎంతైందో ఒక డైరీలో రాసిపెట్టాను. ఇలాంటి అవసరం ఏ ఇంటికైనా రావచ్చు కాబట్టి ఆ లెక్క చెబుతున్నాను. రేట్లు మా వీధివి. మీ దగ్గర పదో పాతికో తేడా ఉండొచ్చు.

మాది శంకరమఠం వెనకాల వీధి. మెయిన్ రోడ్డు మీద ఫీవర్ ఆస్పత్రి వైపు ఎంత రద్దీ ఉన్నా, రెండు మలుపులు తిరిగి లోపలికొస్తే మధ్యాహ్నం పూట కూరగాయల బండి కేక తప్ప ఇంకేమీ వినపడదు. ఇలాంటి చోట ఏసీ హోటళ్ళు ఉండవు. కారు షెడ్డులో కర్రీ పాయింట్, పాత ఇంటి వరండాలో మెస్, మలుపులో టిఫిన్ బండి ఉంటాయి. ఇవి కాక, బోర్డు లేకుండా ఇంట్లోనే వండి క్యారేజీ పంపేవాళ్ళు ఉంటారు. యాప్‌లో తెప్పించుకోవడం వారం రోజులు చూసి మానేశాను. డెలివరీ, ప్యాకింగ్ కలిపితే ఒక మనిషి భోజనం ఖర్చుతో ఇద్దరు మెస్సులో తినొచ్చు.

మా వీధి చివర కర్రీ పాయింట్ సాయంత్రం ఆరున్నరకి తెరుస్తారు. వరసగా పది పన్నెండు స్టీలు గిన్నెలు, ఒక్కోదాని మీద మూత. పాలకూర పప్పు, దొండకాయ వేపుడు, గుత్తి వంకాయ, ఆలూ ఫ్రై, ములక్కాడ టమాటా, గోంగూర పచ్చడి, సాంబారు, చారు. అక్కడుండే ఆవిడ కూర కవర్లో పోసి, కవరు మెడ పట్టుకుని ఒక్కసారి గిర్రున తిప్పి, దారం రెండు చుట్లు చుట్టి చేతిలో పెడుతుంది. పది సెకన్ల పని. కూర 40 రూపాయలు, పప్పు 30, సాంబారైనా చారైనా 20.

చౌక అంటే కర్రీ పాయింటే అని అందరూ అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. డైరీలో రాసుకున్నాక తెలిసింది, అది ఎంతమంది తింటున్నారన్న దాన్ని బట్టి ఉంటుందని. ఒక్క మనిషికి కూర, పప్పు, చారు తెస్తే 90 అవుతుంది. ఇంట్లో అన్నం, పెరుగు వేరే. పైగా అంత పప్పు ఒక్కరికి ఎక్కువ. మిగిలింది ఫ్రిజ్‌లోకి వెళ్తుంది, మర్నాడు ఎవరూ ముట్టుకోరు. అదే ముగ్గురికైతే ఆ మూడు ప్యాకెట్లకి ఇంకో కూర కలిపి 130, కిలో 60 రూపాయల సోనా మసూరి 450 గ్రాములు వండితే 27. మొత్తం 157. తలకి 52 రూపాయలు. ఏమీ మిగలదు, అందరికీ రెండు కూరలు వస్తాయి. నలుగురైతే ఇంకా తగ్గుతుంది.

అందుకే ఒంటరిగా ఉండేవాళ్ళకి కర్రీ పాయింట్ మేలని నేను చెప్పను. ఇద్దరు కంటే ఎక్కువ ఉండి, అన్నం ఇంట్లో వండుకోగలిగితే దానికి సాటి లేదు. అమ్మ అప్పట్లో నిలబడలేకపోయినా, కుర్చీలో కూర్చుని బియ్యం కడిగి కరెంటు కుక్కర్ స్విచ్ వేసేది. ఆ ఒక్క సాయమే మాకు నెలకి రెండు మూడు వేలు మిగిల్చింది.

కర్రీ పాయింట్లలో జాగ్రత్త పడాల్సినవీ ఉన్నాయి. మొదటిది టైమ్. ఏడింటికి వెళ్తే మూత తీయగానే ఆవిరి వస్తుంది, మూత లోపలివైపు నీటి చుక్కలు కనపడతాయి. తొమ్మిదికి వెళ్తే అదే గిన్నె చల్లారి, వేపుడు అంచున నూనె పేరుకుని ఉంటుంది. వండిన పదార్థాన్ని 60 డిగ్రీల పైన వేడిగా ఉంచాలి, లేదా 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. మధ్యలో రెండు గంటలకి మించి ఉంచకూడదు. ఎండాకాలంలో ఒకసారి తొమ్మిదిన్నరకి వేరే వీధిలోని ఒకచోట పప్పు తెచ్చాను. ఇంటికొచ్చి దారం విప్పగానే పులిసిన వాసన. అమ్మ ముద్ద కలపబోతుంటే కంచం లాగేసుకున్నాను. పథ్యంలో ఉన్న మనిషికి అది కడుపులోకి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో అని ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ఏడున్నర దాటితే కర్రీ పాయింట్‌కి వెళ్ళడం మానేశాను.

రెండోది, సలసలా కాగే సాంబారు పల్చటి కవర్లో పోయించుకోవడం. ఒక మూత గిన్నె, ఒక చిన్న స్టీలు క్యాన్ తీసుకెళ్తే ఏ కర్రీ పాయింట్ వాళ్ళూ కాదనలేదు. కవర్ ఖర్చు తప్పుతుందని మా వీధి ఆవిడ ఒక గరిటె ఎక్కువే వేస్తుంది. మూడోది ఉప్పు. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక టీస్పూన్. అమ్మకానికి పెట్టే కూర నాలుకకి గట్టిగా తగలాలి కాబట్టి ఉప్పూ కారం ఒక పాలు ఎక్కువే పడతాయి. బీపీ ఉన్నవాళ్ళు రెండు పూటలా అదే తింటే ఇబ్బందే.

ఇక మెస్. విద్యానగర్ వైపు, యూనివర్సిటీ దారిలో వీటికి లోటు లేదు. ‘ఆంధ్రా మెస్’ అన్న బోర్డు రెండు సందులకొకటి కనపడుతుంది. మా మేనల్లుడు వెళ్ళేది ఒక పాత డాబా ఇంటి వరండాలో ఉంది. ఆరు టేబుళ్ళు, స్టీలు కంచాలు. పప్పు, ఒక కూర, ఒక వేపుడు, రోటి పచ్చడి, సాంబారు, చారు, పెరుగు, అప్పడం. అన్నం ఎన్నిసార్లైనా మారు వడ్డిస్తారు. విడిగా తింటే 90, కార్డు తీసుకుంటే 30 భోజనాలకి 2,400. అంటే పూటకి 80.

ఒక ఆదివారం వాడితో నేనూ వెళ్ళాను. మొదటి వాయి పచ్చడితో, రెండోది పప్పుతో, మూడోది సాంబారుతో, చివర పెరుగన్నం. నాలుగో వాయికి వాడు మొహమాటపడి చెయ్యి అడ్డం పెడితే వడ్డించే పెద్దాయన, ‘‘చదువుకునే పిల్లాడివి, తినరా నాన్నా’’ అంటూ అన్నం వేసి, పక్కన కాసింత పప్పు కూడా వేశాడు. ఈ 80 రూపాయలకి ఇంత అన్నం, ఇన్ని రకాలు కర్రీ పాయింట్‌లో రావు. ఊరు వదిలి వచ్చి గదుల్లో ఉండే పిల్లలకి, ఒంటరిగా ఉండే ఉద్యోగులకి మెస్సే మేలని నా గట్టి నమ్మకం. తినడానికి ఒక వేళ ఉంటుంది. రెండు రోజులు రాకపోతే ఒంట్లో బాగాలేదా అని అడిగేవాళ్ళుంటారు. పిల్లల్ని పంపిన తల్లిదండ్రులకి అది చిన్న విషయం కాదు.

మెస్సుతో ఇబ్బంది తక్కువ తినేవాళ్ళకి. నాకు ఒకటిన్నర వాయి చాలు. అదే డబ్బు కట్టి సగం కూడా తినలేకపోయేదాన్ని. ఆదివారం రాత్రి చాలా మెస్సులు మూసేస్తారు. సంక్రాంతికి పిల్లలూ వంటవాళ్ళూ ఊళ్ళకి వెళ్ళిపోతే వారం దాకా తెరుచుకోవు. కార్డు తీసుకునేటప్పుడు ఆ రోజులు కలుపుతారా, వాడని భోజనాలు వచ్చే నెలకి వస్తాయా అని ముందే అడగండి. మావాడికి మొదట వెళ్ళిన చోట అలా ఆరు భోజనాలు పోయాయి. ఏ మెస్ అయినా కనీసం వారం రోజులు విడిగా డబ్బిచ్చి తిన్నాకే కార్డు తీసుకోవాలి.

మధ్యాహ్నం పూట అమ్మకి ఈ రెండూ పనికిరాలేదు. ఆవిడకి కుదిరింది ఇంటి క్యారేజీ. మా వెనక సందులో ఒకావిడ పదకొండు ఇళ్ళకి మధ్యాహ్నం భోజనం పంపుతుంది. దాదాపు అందరూ పిల్లలు దూరంగా ఉన్న పెద్దవాళ్ళే. ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో రేపటి కూరలు చెబుతుంది. మొదటి రోజు మాట్లాడటానికి వెళ్ళినప్పుడు, ‘‘పిన్నిగారూ, అమ్మకి ఉప్పు సగమే వేయాలండీ, అన్నం బదులు పుల్కాలైతే మంచిది’’ అన్నాను. ‘‘అక్కయ్యగారి కూర దింపేముందు విడిగా తీసి, మిగతా దాంట్లో ఉప్పు సరిచేస్తాలేమ్మా. పుల్కాలు మూడు, వారానికి రెండు రోజులు కొర్రన్నం పెడతా. సరేనా?’’ అంది. అంతే, నాలుగు నెలల్లో మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

నాలుగు గిన్నెల క్యారేజీ పన్నెండున్నరకల్లా గుమ్మంలో ఉండేది. పై గిన్నెలో పుల్కాలు, తర్వాత సొరకాయో బీరకాయో, దాని కింద పెసరపప్పు, అడుగున మజ్జిగ. పూటకి 130 రూపాయలు. మూడింటిలో ఖరీదైనది ఇదే. అయినా అమ్మ విషయంలో నేను వెనకాడలేదు. ఆ నాలుగు నెలలూ షుగర్ అదుపు తప్పలేదు. పెద్దవాళ్ళున్న ఇంట్లో ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది క్యారేజీ గురించే. ఇబ్బందల్లా, అది ఒక్క మనిషి చేతి మీద నడిచే పని. ఆవిడకి జ్వరమొస్తే ఆ రోజు క్యారేజీ లేదు. రెండుసార్లు అలా అయినప్పుడు ఇంట్లో ఉన్న అటుకులతో గడిపాం. వీళ్ళకి బోర్డు ఉండదు కాబట్టి వెతకడమూ కష్టమే. శంకరమఠం చుట్టుపక్కల స్వగృహ దుకాణాల్లో, పచ్చళ్ళు అమ్మేవాళ్ళని అడిగితే ఎవరు క్యారేజీ కడుతున్నారో చెబుతారు. మాకు అలాగే తెలిసింది.

పొద్దున టిఫిన్‌కి పెద్దగా ఆలోచించక్కర్లేదు. మలుపు దగ్గరి బండి మీద నాలుగు ఇడ్లీ 35 రూపాయలు, పల్లీ చట్నీ, అల్లం చట్నీ. ఎనిమిది లోపు వెళ్తే పిండి తాజాగా ఉంటుంది. ఇడ్లీ మరీ తెల్లగా, దూదిలా పొంగి ఉంటే సోడా ఎక్కువైందేమోనని అమ్మకి మాత్రం తెచ్చేదాన్ని కాదు.

5 రూపాయల భోజనం సంగతీ చెప్పాలి. హైదరాబాద్‌లో 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైంది, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు అంటున్నారు. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. 2025 నుంచి కొన్ని చోట్ల 5 రూపాయలకే పొద్దున టిఫిన్ కూడా మొదలుపెట్టారు. అసలు ఖర్చులో మిగతాది జీహెచ్‌ఎంసీ భరిస్తుంది. ఇవి ఆస్పత్రులు, పెద్ద కూడళ్ళ దగ్గరే ఎక్కువ, కాలనీ లోపల కనపడవు. అమ్మ ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో నేను రెండుసార్లు అలాంటి చోట తిన్నాను. అన్నం వేడిగా ఉంది, సాంబారు బాగుంది. రోగి దగ్గర ఉండేవాళ్ళకి, అడ్డా కూలీలకి అంతకంటే మేలైనది లేదు. అక్కడ నిలబడి తినడానికి ఎవరూ నామోషీ పడాల్సిన పని లేదు.

ఎక్కడ తిన్నా ఒకటి చూసుకోండి. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే సర్టిఫికెట్ మీద 14 అంకెల నంబర్ ఉంటుంది, అది గోడ మీద కనపడాలి. మా కర్రీ పాయింట్‌లో తూకం మిషన్ పైన అంటించి ఉంది. లేని చోట, ‘‘అన్నా, నంబర్ ఏదీ?’’ అని అడిగితే తప్పేం లేదు.

ఇప్పుడు అమ్మ కర్ర లేకుండా నడుస్తోంది. క్యారేజీ పోయిన నెలతో ఆపాం. మేనల్లుడి మెస్ కార్డు మధ్యాహ్నం పూటకి మాత్రం అలాగే ఉంది. రాత్రి అన్నం, పప్పు అమ్మ వండుతోంది. కూర మాత్రం ఆఫీసు నుంచి వస్తూ ఏడింటికి నేనే తెస్తున్నాను, బ్యాగులో పెట్టుకెళ్ళిన స్టీలు గిన్నెలో.