మీటర్ బోర్డులో ఎల్‌ఈడీ బల్బులు: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా పాత పెట్రోలు కారు మీటర్ బోర్డులో ఫిలమెంటు బల్బులు తీసేసి ఎల్‌ఈడీలు వేసి కొన్నేళ్లయింది. ఇన్నాళ్ల వాడకంలో తేలింది ఇది: అంకెల వెనుక వెలుగుకు ఎల్‌ఈడీ నిస్సందేహంగా మేలు, బ్యాటరీ గుర్తు వెనుక మాత్రం ఫిలమెంటు బల్బే ఉండాలి.

ఈ కారులో అంకెల వెనుక ఉండేవి టీ10 సైజు కేప్‌లెస్ (అడుగున లోహపు టోపీ లేని) బల్బులు. హెచ్చరిక గుర్తుల వెనుక ఉండేవి అంతకన్నా చిన్నవైన 12 వోల్టుల, 1.2 వాట్ల టీ5 బల్బులు. తీసిన వాటిలో ఒకదాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే గాజు లోపల బూడిదరంగు మసక కనిపించింది. వేడికి ఆవిరైన టంగ్‌స్టన్ అలా పేరుకుంటుంది కాబట్టి, బల్బు మాడిపోవడానికి చాలా ముందే వెలుగు తగ్గుతుంది. రోజూ చూసే కంటికి ఆ తేడా తెలియదు. అందుకే ఒకటి పోయినప్పుడు అన్నీ కలిపి మార్చడమే మంచిది.

బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి, మీటర్ స్క్రూలు విప్పి, వెనక్కి చెయ్యి పెట్టి స్పీడోమీటరు కేబుల్‌నూ కప్లర్లనూ (వైర్లను బోర్డుకు కలిపే ప్లగ్గులు) ఊడదీస్తే బోర్డు చేతికొస్తుంది. హోల్డరును పావు చుట్టు తిప్పితే బల్బుతో సహా బయటికి వస్తుంది. ఇక్కడ తొందర పనికిరాదు, ఎందుకంటే హోల్డరుకు కరెంటు అందేది పలుచని ప్లాస్టిక్ పొర మీది రాగి గీతల నుంచి. అవి చిరిగితే బాగుచేయడం కష్టం. నల్లబడిన రాగిని పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్దితే చాలు. ఎల్‌ఈడీకి ప్లస్, మైనస్ ఉంటాయి కనుక వెలగకపోతే హోల్డరును అర చుట్టు తిప్పి పెట్టాలి, అన్నీ బిగించకముందే ఒకసారి వెలిగించి చూసుకోవాలి.

రంగు విషయంలో వార్మ్ వైటే (పసుపు ఛాయ తెలుపు) తీసుకోండి. నీలి ఛాయ తెలుపులో ఎరుపు పాలు తక్కువ కావడం వల్ల ఎర్ర ముల్లు పాలిపోయి కనిపిస్తుంది, పైగా చీకటి హైవే మీద ఆ వెలుగు కళ్లకు గుచ్చుకుంటుంది. అన్ని వైపులా వెలుగు చిమ్మే రకం కాకపోతే బోర్డు మీద ఒకచోట మచ్చ, ఇంకోచోట చీకటి తప్పవు. నాకు మిగిలిన అసంతృప్తి మీటర్ వెలుగును తగ్గించే డిమ్మర్ గురించి: ఫిలమెంటు కోసం చేసిన ఆ డిమ్మర్‌తో ఎల్‌ఈడీల వెలుగు సాఫీగా తగ్గదు, కొంతవరకు మారకుండా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది.

ఇక బ్యాటరీ గుర్తు సంగతి. చాలా పాత కార్లలో తాళం తిప్పగానే బ్యాటరీ నుంచి ఈ బల్బు గుండానే ఆల్టర్నేటరు (ఇంజను తిరుగుతుంటే బ్యాటరీని ఛార్జ్ చేసే యంత్రం) లోపల అయస్కాంతాన్ని పుట్టించే ఫీల్డ్ కాయిల్‌కు తొలి కరెంటు అందుతుంది. 1.2 వాట్ల బల్బు దాదాపు 0.1 ఆంపియరు పోనిస్తుంది. ఎల్‌ఈడీ పోనిచ్చేది అందులో కొద్ది భాగమే. ఆ బల్బుకు సమాంతరంగా, కరెంటుకు ఇంకో దారి ఇచ్చే రెసిస్టరు లేని కార్లలో ఎల్‌ఈడీ వేస్తే, ఇంజను వేగం బాగా పెంచేదాకా ఛార్జింగు మొదలుకాకపోవచ్చు. ఫిలమెంటు బల్బు మాడిపోయినా అదే ఇబ్బంది, పైగా హెచ్చరించే దీపమూ ఉండదు. అందువల్ల ఇంజను స్టార్టు చేసేముందు, తాళం ఆన్‌లో ఉన్నప్పుడు, ఆ గుర్తు వెలుగుతోందో లేదో రోజూ చూస్తాను. వెలగకపోతే ముందుగా మార్చేది ఆ బల్బునే.