ఎల్ఐసీ ఏజెంటుకు పేరు తెచ్చేది ఏది: వాట్సాప్ స్టేటసా, యూట్యూబ్ చానెలా?

కొత్తగా చేరిన బీమా సఖుల (ఎల్ఐసీ మహిళా ఏజెంట్ల పథకంలో చేరినవాళ్లు) నుంచి పదేళ్లుగా ఏజెన్సీ నడుపుతున్న క్లబ్ మెంబర్ల (వ్యాపారాన్ని బట్టి ఎల్ఐసీ ఇచ్చే హోదా ఉన్నవాళ్లు) దాకా ఈ మధ్య అందరిదీ ఒకటే ప్రశ్న: "యూట్యూబ్ చానెల్ పెట్టమంటారా, వాట్సాప్‌తో సరిపెట్టుకోమంటారా?" రెండింటికీ డబ్బు పెద్దగా అక్కర్లేదు, పెట్టాల్సిందల్లా టైము. బ్రాంచి పనులు, కలెక్షన్లు, ఇళ్ల చుట్టూ తిరగడం పోగా వారానికి ఆరేడు గంటలు మిగిలితే గొప్ప. అందుకని ఏదో ఒకటే గట్టిగా పట్టుకోవాలి.

ముందే చెప్పేస్తున్నాను, నా మొగ్గు వాట్సాప్ వైపు. కిస్తు కట్టడం మర్చిపోయినప్పుడు, మెచ్యూరిటీ డబ్బు ఖాతాలో పడనప్పుడు, ఇంట్లో ఎవరికైనా జరగరానిది జరిగినప్పుడు ఆ ఇంటివాళ్లు ఎవరికి ఫోన్ చేస్తారన్నదే అసలు లెక్క. వాళ్ల ఫోన్‌లో మీ నంబరు "ఎల్ఐసీ సార్" అనో "ఎల్ఐసీ మేడం" అనో సేవ్ అయి ఉంటే మీకు పేరున్నట్టే. లేదంటే లక్ష వ్యూస్ వచ్చినా ఆ ఇంటికి మీరు పరాయి మనిషే.

ఇది మాటవరసకు చెప్పింది కాదు, వాట్సాప్ పనిచేసే తీరే అంత. మీ స్టేటస్ వాళ్లకు కనబడాలంటే మీ నంబరు వాళ్ల దగ్గర, వాళ్ల నంబరు మీ దగ్గర, రెండు వైపులా సేవ్ అయి ఉండాలి. బ్రాడ్‌కాస్ట్ లిస్టుదీ ఇదే కథ. ఒక్కో లిస్టులో 256 మందిని పెట్టుకోవచ్చు గానీ, మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు ఆ మెసేజ్ అసలు చేరదు. "ఇంతమందికి పంపితే ఒక్కరూ పలకలేదు" అని వాపోయేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఇదే. పోనీ విడివిడిగా పంపుదామని తెలియని నంబర్లకు వరసగా కొడితే, వాళ్లు బ్లాక్ చేసి రిపోర్టు కొడతారు. అలాంటివి నాలుగు పడితే నంబరుకే ఎసరు.

నంబరు సేవ్ చేయించడానికి సరైన సమయం పాలసీ బాండు చేతికిచ్చేటప్పుడు. వాళ్ల ఫోన్ నుంచి మీకు మిస్డ్ కాల్ ఇప్పించి, అక్కడికక్కడే పేరు పక్కన "ఎల్ఐసీ" అని చేర్చి సేవ్ చేయించండి. పాలసీదారు ఫోన్‌లో ఉంటే సరిపోదు, నామినీ ఫోన్‌లోనూ ఉండాలి. క్లెయిం వచ్చిన రోజున మీకు ఫోన్ చేయాల్సింది ఆ నామినీయే.

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితమే. అందులో లేబుల్స్ 20 దాకా పెట్టుకోవచ్చు. చాలామంది "వీఐపీ", "కొత్త కస్టమర్" అని పెట్టి వదిలేస్తారు, దానివల్ల ఒరిగేదేమీ లేదు. కిస్తు కట్టాల్సిన (డ్యూ) నెలకొకటి చొప్పున పన్నెండు, ఆపైన "ల్యాప్స్" (కిస్తు కట్టక ఆగిపోయినవి), "ఈ ఏడు మెచ్యూరిటీ", "నామినీ మార్చాలి", "నెఫ్ట్ లేదు" (డబ్బు నేరుగా ఖాతాలో పడే ఏర్పాటు లేనివి) అని నాలుగు పెట్టుకుంటే ఏ నెలలో ఎవరికి ఫోన్ చేయాలో లేబుల్ చూస్తేనే తెలుస్తుంది. క్విక్ రిప్లైలలో గ్రేస్ పీరియడ్ సమాచారం (గడువు దాటాక కట్టేందుకు నెలవారీ కిస్తుకు 15 రోజులు, మిగతా వాటికి 30 రోజులు), ల్యాప్స్ అయిన పాలసీని మొదటి బకాయి తేదీ నుంచి అయిదేళ్లలోపు రివైవల్ చేసుకోవచ్చన్న (తిరిగి అమల్లోకి తెచ్చుకోవచ్చన్న) మాట, క్లెయిం కాగితాల జాబితా ముందే రాసి ఉంచండి. ఎవరైనా అడిగితే అర నిమిషంలో తప్పుల్లేని జవాబు వెళ్తుంది.

ఇక స్టేటస్‌లో ఏం పెట్టాలి? గులాబీ పువ్వు మీద శుభోదయం పెడితే మూడో రోజుకల్లా మిమ్మల్ని మ్యూట్ చేస్తారు. వారానికి రెండు మూడు చాలు, కాకపోతే ఒక్కోటీ ఎవరో ఒకరి పనికి రావాలి. ఉదాహరణకు: "మీ పాలసీకి ఆంధ్రా బ్యాంకు ఖాతా ఇచ్చారా?" 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిశాక ఐఎఫ్ఎస్సీ కోడ్లు మారాయి. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ గ్రామీణ బ్యాంకుల విలీనాలు జరిగాయి. పాత కోడ్ మీదే ఉన్న మనీబ్యాక్ (మధ్యమధ్యలో కొంత డబ్బిచ్చే) పాలసీకి డబ్బు వచ్చే నెలలో చిక్కు వస్తుంది. కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు, క్యాన్సిల్డ్ చెక్కు, నెఫ్ట్ ఫారం ముందే ఇప్పిస్తే తీరిపోయే పని అది. ఈ ఒక్క స్టేటస్‌కు వచ్చే ఫోన్లు పది ప్లాన్ పోస్టర్లకు రావు.

గ్రూపుల్లో వచ్చే రెడీమేడ్ చార్టులతో మాత్రం జాగ్రత్త. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. అంతకుముందు ఎండోమెంట్ (పొదుపు కలిసిన) పాలసీకి మొదటి ఏడాది 4.5 శాతం, ఆ తర్వాత 2.25 శాతం ఉండేది. ఆ పన్ను కలిపి వేసిన పాత చార్టును మీరు ఇవాళ ఫార్వర్డ్ చేస్తే, కస్టమర్ ఇంటర్నెట్‌లో సరిచూసుకుని మీకే పాఠం చెబుతాడు.

యూట్యూబ్ దగ్గరికి వద్దాం. దానికున్న బలాన్ని కాదనలేం. స్టేటస్ ఆయుష్షు 24 గంటలు, మంచి వీడియో ఏళ్ల తరబడి వెతికినవాళ్లకు దొరుకుతూనే ఉంటుంది. "బాండు పోతే ఏం చేయాలి", "నామినీ చనిపోతే డబ్బు ఎవరికి" లాంటివి జనం నిజంగానే వెతుకుతారు. కెమెరా ముందు తడబడకుండా మాట్లాడగలిగితే, పక్కన ఎడిటింగ్ చూసే పిల్లలెవరైనా ఉంటే మంచిదే.

చిక్కులు ఎక్కడంటే, మొదటిది అనుమతి. కంపెనీ ప్లాన్ల గురించి ఏజెంటు సొంతంగా ప్రకటన చేయాలంటే ముందుగా కంపెనీ రాతపూర్వక అనుమతి ఉండాలని ఐఆర్‌డీఏఐ (బీమా రంగ నియంత్రణ సంస్థ) నియమం. పేరు, ఫోన్ నంబరు, ఏజెంటునన్న మాట వరకు ఇబ్బంది లేదు. "నెలకు ఇంత కట్టండి, ఇరవై ఏళ్లకు ఇంత వస్తుంది" అన్నారంటే అది ప్రకటనే. స్టేటస్‌కూ ఇదే వర్తిస్తుంది గానీ, అక్కడ కంపెనీ ఇచ్చిన పోస్టరే వాడుకుంటే గొడవ ఉండదు. యూట్యూబ్‌లో మాట మీ సొంతం, బాధ్యతా మీదే. బోనస్ గ్యారంటీ కాదు. ఇలస్ట్రేషన్‌లో రాబడి 4 శాతమైతే ఎంత, 8 శాతమైతే ఎంత అని రెండు అంచనాలు వేసేది అందుకే. వీడియోలో ఆ 8 శాతం అంకె ఒక్కటే చెప్పి వదిలేసేవాళ్లు ఎంతమందో!

రెండోది పాతబడటం. న్యూ జీవన్ ఆనంద్‌నే తీసుకోండి. దాని ప్లాన్ నంబరు ముందు 815, 2020లో 915, 2024 అక్టోబరు నుంచి 715. ప్లాన్ పేరు అదే, షరతులు మారుతూ వచ్చాయి. పాత వీడియో మాత్రం పాత సరెండర్ (మధ్యలో పాలసీ వదులుకుంటే వచ్చే డబ్బు) లెక్కతోనే తిరుగుతూ ఉంటుంది. ప్లాన్ల మీద చానెల్ నడపాలంటే ఏటా పాత వీడియోలు తీసేసి కొత్తవి తీయడం కూడా పనిలో లెక్కే.

మూడోది, నా దృష్టిలో అసలైనది: చూసేవాళ్లు ఎక్కడివాళ్లు? శ్రీకాకుళంలో ఒకరు, షార్జాలో ఒకరు, షోలాపూర్‌లో ఒకరు చూస్తారు. మీ దగ్గర సందేహాలన్నీ తీర్చుకుని, పాలసీ మాత్రం సొంతూళ్లో బావమరిది దగ్గర కడతారు. ఏజెంటు బతికేది రెన్యువల్ కమిషన్ మీద, అంటే రెండో ఏడాది నుంచి కట్టే కిస్తుల మీద వచ్చేదాని మీద. రెన్యువల్ రావాలంటే మనిషి మీకు అందుబాటులో ఉండాలి. ప్రవాసులకే సర్వీసు ఇచ్చేవాళ్ల సంగతి వేరు, వాళ్లకు యూట్యూబే నయం.

అయినా స్టేటస్ గానీ చానెల్ గానీ పేరును నలుగురికీ చేరవేస్తాయే తప్ప పుట్టించలేవు. పేరు పుట్టేది క్లెయిం దగ్గర. మామూలు డెత్ క్లెయిముకు అడిగేవి ఒరిజినల్ బాండు, మరణ ధ్రువపత్రం, 3783 నంబరు క్లెయిం ఫారం, నామినీ గుర్తింపు కార్డు, బ్యాంకు వివరాలు. పాలసీ తీసుకున్న లేదా రివైవల్ చేసుకున్న మూడేళ్లలోపు మరణమైతే విచారణ ఉంటుంది. వైద్యం చేసిన డాక్టరు సర్టిఫికెట్, ఆసుపత్రి రికార్డు, ఉద్యోగి అయితే యజమాని ఇచ్చే సెలవుల వివరాలు కూడా అడుగుతారు. ప్రమాదమైతే ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం నివేదిక.

ఇందులో ఆగిపోయేది ఎక్కడంటే, మన పేర్ల దగ్గర. బాండులో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, ఆధార్‌లో పూర్తిగా వెనకుంటుంది, పాస్‌బుక్‌లో అసలు ఉండదు. పెళ్లయ్యాక భార్య ఇంటిపేరు ఒక కార్డులో మారి ఇంకోదాంట్లో మారకపోవడం మరో తలనొప్పి. ఇక పెళ్లికి ముందు కట్టిన పాలసీలో నామినీ అమ్మే ఉండిపోతుంది. అటు అమ్మ, ఇటు కోడలు, మధ్యలో ఏజెంటు. నామినీ మార్చే 3750 ఫారం నింపడానికి పట్టేది పది నిమిషాలు. నామినీ మైనరైతే అపాయింటీ (మైనరు తరఫున డబ్బు తీసుకునే పెద్దవాళ్లు) పేరు రాశారో లేదో చూడాలి. వారానికి ఓ పది పాత బాండ్లు తీసి ఈ మూడూ సరిచూసి, తేడా ఉన్న ఇంటికి వెళ్లి సరిచేయించే ఏజెంటుకు వేరే ప్రచారం ఎందుకు? ఆ ఇంట్లో ఇంకో పాలసీ మీరు అడగకముందే వాళ్లే అడుగుతారు.

క్లెయిం చెక్కుతో ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టే అలవాటు చాలామందికి ఉంది. మెచ్యూరిటీ అయితే అడిగి పెట్టండి, పాలసీ నంబరు, ఖాతా నంబరు చెరిపేయండి. భర్త పోయినావిడను నిలబెట్టి ఫొటో తీయకండి. ఆవిడ ఏమీ అనకపోవచ్చు, చుట్టాలు అనుకుంటారు.

పేరు చెడగొట్టేది ఒకటుంది: మొదటి కిస్తు తనే కట్టడం, కమిషన్‌లో వాటా ఇవ్వడం. 1938 బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం ఇది నేరం, జరిమానా పది లక్షల దాకా. చట్టం సంగతి అటుంచినా, ఒక ఇంట్లో ఇచ్చారంటే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. అలా చేరినవాడు రెండో ఏడు కట్టడు. ల్యాప్స్‌తో మీ పర్సిస్టెన్సీ (పాలసీలు ఆగకుండా కొనసాగే శాతం) పడిపోతుంది, "ఎంత వదులుతాడు?" అన్నదే మీ బ్రాండ్ అయిపోతుంది.

ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ రీల్స్ సరదా ఉంటే చేయండి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. క్యాలెండర్లూ డైరీలూ మానక్కర్లేదు. రాహుకాలం, వర్జ్యం చూసే గోడ మీద మీ నంబరు ఏడాదంతా ఉంటుంది కదా.

నేర్చుకోవడం విషయంలోనూ ఇలాంటి ఊగిసలాటే. మోటివేషన్ సెమినార్ల ఊపు సోమవారం దాకా ఉంటుంది. ఎండీఆర్‌టీ గొప్పదే, బాగా వ్యాపారం చేసే బీమా ఏజెంట్ల అంతర్జాతీయ సంస్థ, 1927 నుంచి ఉంది. కానీ ఆ అర్హత ఏటికేడు తెచ్చుకోవాలి, పైగా కస్టమర్‌కు ఆ నాలుగు అక్షరాల అర్థం తెలియదు. డీవో (డెవలప్మెంట్ ఆఫీసరు) ముందు, తోటి ఏజెంట్ల ముందు పనికొస్తుంది.

పరీక్షల్లో రెండున్నాయి. ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వాళ్ల లైసెన్షియేట్ ఒకటి, మ్యూచువల్ ఫండ్లు అమ్మడం కోసం నిస్మ్ అనే సెక్యూరిటీస్ మార్కెట్ల శిక్షణ సంస్థ పెట్టే ఫైవ్-ఏ మరొకటి. ఏజెన్సీ కోసం రాసిన ఐసీ-38లో 50 ప్రశ్నలకు 35 శాతం వస్తే గట్టెక్కారు, అది గుమ్మం మాత్రమే. లైసెన్షియేట్‌కు చదివితే ప్రపోజల్‌లో ఆరోగ్య వివరాలు ఎందుకు దాచకూడదో, మూడేళ్ల తర్వాత పాలసీని ప్రశ్నించకూడదనే 45వ సెక్షన్ ఏం చెబుతుందో కస్టమర్‌కు ధైర్యంగా వివరించగలుగుతారు. నా ఓటు ముందు దీనికే. మీ కస్టమర్లు ఉద్యోగులై, "సిప్ (ఫండ్లలో నెలనెలా పెట్టుబడి) చేయమంటారా?" అని పదేపదే అడుగుతుంటే నిస్మ్ రాయండి: రెండు గంటలు, 100 ప్రశ్నలు, 50 మార్కులకు పాస్, నెగెటివ్ మార్కులు లేవు. పాసయ్యాక ఆంఫీ (మ్యూచువల్ ఫండ్ కంపెనీల సంఘం) దగ్గర ఏఆర్ఎన్ (డిస్ట్రిబ్యూటరు రిజిస్ట్రేషన్ నంబరు) తీసుకుంటేనే ఫండ్లు అమ్మే వీలు. సర్టిఫికెట్ గడువు మూడేళ్లే, అది తీరకముందే మళ్లీ పరీక్ష రాయడమో సీపీఈ (పరిజ్ఞానాన్ని తాజా చేసే) క్లాసుకు వెళ్లడమో చేయాలి. ఆ తేదీని కూడా ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టుకోండి.