వాలంటీర్ల బయోబ్యాంకా, ఆసుపత్రి బయోబ్యాంకా?

రక్తం వంటి నమూనాలను, వాటికి సంబంధించిన సమాచారాన్ని పరిశోధన కోసం భద్రపరిచే నిల్వే బయోబ్యాంకు. జన్యు సమాచారాన్ని ఆరోగ్య రికార్డులతో జోడించి పరిశోధన చేయదలచినవారి ముందు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది, ఆరోగ్యంగా ఉన్నవారిని కూడా ఆహ్వానించి నమూనాలు సేకరించి, ఆపై వారి రికార్డులను ఏళ్ల తరబడి అనుసరించే పద్ధతి. 2006–2010 మధ్య 40 నుంచి 69 ఏళ్ల వయసున్న సుమారు 5 లక్షల మందిని చేర్చుకున్న యూకే బయోబ్యాంక్ ఇందుకు ఉదాహరణ. రెండవది, చికిత్సకు వచ్చినవారి పరీక్షల్లో మిగిలిన రక్తం నుంచి డీఎన్‌ఏ తీసి, పేర్లు తొలగించిన ఆసుపత్రి రికార్డుకు జతచేసే పద్ధతి. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయపు బయోవీయూ ఈ తరహాలోనే మొదలైంది.

ఖర్చు: మొదటిదానికి ఆహ్వానాలు, ప్రశ్నావళులు, శరీర కొలతలు అన్నీ అదనం. రెండవదానికి నమూనా, రికార్డు ముందే ఉంటాయి.

శ్రమ: ఇక్కడ లెక్క తారుమారవుతుంది. ఆసుపత్రి రికార్డు పరిశోధన కోసం రాసినది కాదు. బిల్లు కోసం వేసిన మధుమేహం కోడ్ ఒక్కటి చూసి ఎవరినీ రోగిగా తేల్చలేము, వాడిన మందులు, ల్యాబ్ ఫలితాలు, వైద్యుల నోట్సు కలిపి చూడాలి. చౌకగా కనిపించినది ఈ దశలోనే ఖరీదవుతుందని నా అభిప్రాయం.

పక్షపాతం: యూకే బయోబ్యాంక్ ఆహ్వానించినవారిలో సుమారు 5.5 శాతం మందే చేరారు, వారు సగటు జనాభా కన్నా ఆరోగ్యవంతులు. ఆసుపత్రిలో జబ్బుపడినవారే ఎక్కువ. అంటే రెండింటిలోనూ మొత్తం జనాభా సరిగ్గా ప్రతిబింబించదు.

గోప్యత: పేరు తీసేసినా జన్యుక్రమం వ్యక్తిని పట్టివ్వగలదు, ఈ ప్రమాదం రెండింటికీ ఉంది. సమ్మతి మాత్రం మొదటిదానిలో ఆది నుంచీ స్పష్టం. వద్దన్నవారిని మాత్రమే మినహాయించే పద్ధతితో మొదలైన బయోవీయూ, 2015లో ముందస్తు సమ్మతికి మారింది.

జబ్బుకు ముందరి ఆహారం, వ్యాయామం వంటి వాటి ప్రభావం తెలుసుకోవాలంటే వాలంటీర్ల బయోబ్యాంకు తగినది. మందుల దుష్ప్రభావాలను, తీవ్రమైన జబ్బులను పరిశీలించేవారికి ఆసుపత్రి బయోబ్యాంకు ఎక్కువ ఉపయోగపడుతుంది.