పిల్లల గాలానికి ఏ హుక్ మేలు: జె హుక్కా, సర్కిల్ హుక్కా?

పిల్లలకు చేపలు పట్టడం నేర్పుతున్న స్నేహితులు ఈమధ్య ఒకరి తర్వాత ఒకరు ఇదే అడుగుతున్నారు: ఇంగ్లిష్ J అక్షరంలా ఉండే మామూలు జె హుక్ కట్టాలా, గుండ్రంగా వంగిన సర్కిల్ హుక్ కట్టాలా? మా పాపకు ఎనిమిదేళ్లు. దానికి మొదటి గాలం కట్టి ఇచ్చినప్పుడు నేనూ ఈ తర్జనభర్జన పడ్డాను. మొదట జె హుక్కే కట్టాను. తర్వాత మార్చాను. ఎందుకు మార్చానో చెబితే సగం జవాబు అందులోనే ఉంటుంది.

బెండు మునిగింది. సరిగ్గా అప్పుడే పాప కాళ్ల దగ్గర రాతి సందులోకి దూరుతున్న పీతను చూస్తోంది. "మునిగింది, లాగు!" అని నేను అరిచి, అది తేరుకుని రాడ్ ఎత్తేసరికి చేప ఎరను కడుపులోకి మింగేసింది. జానెడు కూడా లేని పిల్ల చేప, ఎలాగూ వదిలేయాల్సిందే. నోరు తెరిచి చూస్తే దారం గొంతులోకి దిగిపోయి ఉంది, హుక్ కాడ కూడా కనిపించడం లేదు. మొప్పల దగ్గర రక్తం. ఇలాంటప్పుడు హుక్‌ను పీకితే లోపలి భాగాలు చీలిపోతాయి. నోటికి వీలైనంత దగ్గరగా దారం కత్తిరించి వదిలేస్తేనే బతికే అవకాశం ఎక్కువ. అదే చేశాను. "ఇప్పుడిది బతుకుతుందా నాన్నా?" అని అడిగింది. చూద్దాం అన్నానే గానీ, ఆ చేప పక్కకు ఒరిగి ఈదడం ఇద్దరమూ చూశాం.

తప్పు పాపది కాదు. జె హుక్‌తో పట్టాలంటే చేప ఎర అందుకున్న క్షణంలోనే రాడ్‌ను విసురుగా లాగాలి. తొందరపడితే ఎర నోట్లోంచి బయటికి వచ్చేస్తుంది, ఆలస్యమైతే కడుపులోకి పోతుంది. ఏళ్ల తరబడి పడుతున్న నాకే ఆ క్షణం తప్పిపోతుంటుంది. పిల్లలకు తప్పకుండా ఎలా ఉంటుంది?

ఇప్పుడు రెండో దాన్ని అరచేతిలో పెట్టుకుని చూడండి. జె హుక్ మొన కాడతో పాటు పైకి చూస్తుంటుంది. సర్కిల్ హుక్ మొన కాడ వైపే లోపలికి వంగి ఉంటుంది. మొదటిసారి చూస్తే, ఇది అసలు దేనికైనా గుచ్చుకుంటుందా అన్న అనుమానం వస్తుంది. దాని కిటుకే అది. చేప మింగినా ఆ వంపు వల్ల మొన సాధారణంగా గొంతులో దిగబడదు. చేప పక్కకు తిరిగి పోబోతున్నప్పుడు దారం బిగుసుకుంటుంది, హుక్ జారుతూ నోటి దాకా వచ్చి, పెదవి మూల దగ్గర తిరిగి దవడకు పట్టుకుంటుంది. పసిఫిక్ దీవుల జనం ఇలాంటి వంపు గాలాలను ఎముకతో, చిప్పలతో ఎప్పుడో చేసుకున్నారు.

ఇక్కడ నేర్పాల్సిన మాట ఒక్కటే: గుంజకు, చుట్టు. బరువు తగిలితే నెమ్మదిగా రీల్ తిప్పడం తప్ప ఇంకేమీ చేయకూడదు. విచిత్రం ఏమిటంటే, ఇది పిల్లలకు ఇట్టే వస్తుంది, పాత అలవాటున్న పెద్దవాళ్లకే రాదు. చేయి దానంతట అదే గుంజేస్తుంది, చేప పోతుంది.

నా లెక్కలో తేల్చేది ఈ ఒక్క విషయమే. పిల్లలకు పడేవి ఎక్కువగా చిన్నవి, అంటే తిరిగి వదలాల్సినవి. ఫలానా సైజు కన్నా చిన్నవి వదిలేయాలని వాళ్లకు ఎంత బాగా నేర్పినా, వదిలిన చేప పది నిమిషాల్లో తేలిపోతే ఆ పాఠానికి విలువేముంది? అమెరికా తూర్పు తీరంలో స్ట్రైప్డ్ బాస్ అనే చేపను సహజమైన ఎరతో సరదాకి పట్టేవాళ్లు సర్కిల్ హుకే వాడాలని 2021లో నిబంధన పెట్టిందీ ఇందుకే. అంతకుముందు 2004లోనే అట్లాంటిక్‌లో కత్తిచేపల కోసం పొడవాటి తాళ్లు వేసే అమెరికా పడవలకు పెద్ద సర్కిల్ హుక్‌లను తప్పనిసరి చేశారు. అక్కడ సంగతి తాబేళ్లది. వెడల్పాటి ఆ హుక్‌ను సముద్రపు తాబేలు మింగడం కష్టం.

పడవ మీదైతే ఇంకో కారణం కూడా ఉంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. విసురుగా లాగాలంటే పిల్లలు లేచి నిలబడతారు. కూర్చుని లాగమంటే వినరు, ఆ ఉత్సాహం అలాంటిది. చిన్న పడవలో ఒకరు ఉన్నట్టుండి లేచి ఒక పక్కకు ఒరిగితే పడవ పరిస్థితి ఏమిటో వేరే చెప్పాలా? పైగా గుంజిన హుక్ చేపకు తగలకపోతే బాణంలా వెనక్కి, అంటే మన మొహాల మీదికి వస్తుంది. సర్కిల్ హుక్‌తో కూర్చున్నచోటే చుట్టుకోవచ్చు. లైఫ్ జాకెట్ ఎలాగూ ఉండాలి, కళ్లజోడు కూడా పెట్టండి. లైఫ్ జాకెట్ వేశాక భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. అది గడ్డం దాటి చెవుల దాకా జారితే ఆ సైజు పనికిరాదు.

జె హుక్‌ను తీసిపారేయమని మాత్రం చెప్పను. నోరు మరీ చిన్నగా ఉండే చేపలకు సర్కిల్ హుక్ సరిగా పట్టదు. ఎర ఎక్కువ గుచ్చితే మొనకీ కాడకీ మధ్య ఖాళీ పూడిపోయి అసలు పనిచేయదు. చేప నోట్లోంచి తీయడానికీ కొత్తలో కాస్త తిప్పలే, వచ్చిన దారినే తిప్పి తీయాలి. కృత్రిమ ఎరలను లాగుతూ పట్టేటప్పుడు చేప అందుకోగానే కుదుపు ఇవ్వాలి కాబట్టి అక్కడ జె హుక్కే నయం. పిల్ల పన్నెండేళ్లది, బెండు మీద నుంచి చూపు తిప్పదు, మీరు పక్కనే ఉంటారు అంటే జె హుక్‌తో నేర్చుకోనివ్వండి. ఆ క్షణాన్ని పట్టుకోవడంలో ఉన్న మజా వేరు, కాదనను.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. సర్కిల్ హుక్‌లలో మొన కాస్త పక్కకు వంచినవి ఉంటాయి, వాటిని ఆఫ్‌సెట్ అంటారు. ఆ పక్క వంపు ఎక్కువైన కొద్దీ అది మళ్లీ జె హుక్‌లాగే లోపల గుచ్చుకుంటుంది. బల్ల మీద పెడితే పూర్తిగా ఆనుకుని ఉండేదే తీసుకోండి. స్టెయిన్‌లెస్ వద్దు. దారం కత్తిరించి వదిలితే మామూలు ఉక్కు తొందరగా తుప్పు పడుతుంది, స్టెయిన్‌లెస్ ఏళ్లు ఉండిపోతుంది.

మూడు మొనల హుక్‌లు పిల్లలకు వద్దు, అంతే. హుక్ లేకుండా చేతివలతో చూసి వదిలేయడం నాలుగైదేళ్ల వాళ్లకు చాలు.

ఏది కట్టినా మొన వెనక ఉండే చిన్న ముల్లును, అదే బార్బ్‌ను, ప్లయర్‌తో నొక్కేయండి. చేపలు తప్పించుకుంటాయని భయపడతారు గానీ, దారం వదులు కాకుండా చూసుకుంటే పెద్దగా పోవు. చిన్నప్పుడు నా బొటనవేలిలో దిగిన హుక్‌ను తీయడానికి కోయాల్సి వచ్చింది. అదంతా ఆ ముల్లు చేసిన పనే. ముల్లు లేకపోతే వచ్చిన దారినే జారి వచ్చేస్తుంది. కంటి దగ్గర దిగితే మాత్రం ముల్లున్నా లేకున్నా ముట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి పోవాలి.

ఎరకు ఆశపడి సముద్రపు పక్షి చిక్కుకున్నా ముల్లు లేని హుకే మేలు. చాలామంది కంగారులో దారం తెంపేస్తారు. ఆ దారంతో పక్షి ఎగిరిపోయి ఎక్కడో కొమ్మకు చుట్టుకుని చస్తుంది. నెమ్మదిగా దగ్గరికి లాక్కుని, తల మీద తువ్వాలు కప్పి, ముక్కు జాగ్రత్తగా పట్టుకుని హుక్ తీయాలి. నొక్కిన హుక్ అయితే ఒక్క నిమిషం పని. బరువుకు సీసం గుళ్లు కూడా మానేయండి. వాటిని మింగి హంసలు చనిపోతున్నాయని ఇంగ్లండ్‌లో 1987లోనే చాలా సైజులు నిషేధించారు.

ఇప్పుడు మా పెట్టెలో సర్కిల్ హుక్‌లు ఒక వరస, నా కోసం నాలుగు జె హుక్‌లు ఉన్నాయి. బయల్దేరే ముందు పాప ఒక్కోదాన్నీ దూదిలోంచి లాగి చూస్తుంది. పోగు తగులుకుంటే బార్బ్ ఇంకా పూర్తిగా నొక్కలేదని లెక్క. పోయినసారి వెనక్కి వచ్చినవి రెండూ నావే.