మా తమ్ముడి డే కేర్ కేంద్రం: నాలుగున్నరేళ్ల తరువాత

మా తమ్ముడికి ముప్పై ఏళ్లు. మధ్యస్థ స్థాయి మేధో వైకల్యం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండగానే ప్రత్యేక పాఠశాల చదువు ముగిసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చే ఉచిత విద్య హక్కు కూడా ఆ వయసుతోనే ఆగుతుంది. తరువాత ఏడేళ్లు వాడి రోజులు టీవీ ముందే గడిచాయి. ఇప్పుడు నాలుగున్నరేళ్లుగా సికింద్రాబాదులో మా ఇంటికి దగ్గరలో ఉన్న డే కేర్ కేంద్రానికి వెళ్తున్నాడు. ఫీజు, వేళలు, ఫిజియోథెరపీ వంటివి ఎవరు అడిగినా కేంద్రం వారే చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను.

రెండేళ్ల క్రితం అమ్మ డెంగీతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. మొదటి రాత్రి భోజనం కాగానే తమ్ముడు తన కంచం పట్టుకుని సింకు దగ్గరకు వెళ్లి, మెతుకులు చెత్తబుట్టలో దులిపి, పీచుతో తోమి, కడిగి, గట్టు మీద బోర్లించి వచ్చాడు. నేను కదలకుండా చూస్తూ ఉండిపోయాను. అమ్మ ఉన్నప్పుడు వాడు లేచేలోపే కంచం తీసేస్తుంది కనుక, వాడికి ఆ పని వచ్చని మాకు తెలిసే అవకాశమే లేకపోయింది.

మరునాడు టీచరు గారిని అడిగితే, "పదకొండు నెలలుగా మధ్యాహ్నం తన కంచం తనే కడుగుతున్నాడండీ, ఇంట్లోనూ కడుగుతున్నాడనే అనుకున్నాం" అన్నారు. నేర్పిన పద్ధతి కూడా వివరించారు. పనిని ఆరు అంచెలుగా విడగొట్టి, మొదట్లో అయిదు అంచెలు ఆవిడే చేసి, చివరిదైన బోర్లించడం మాత్రమే వాడికి వదిలారట. అది వచ్చాక కడగడం, ఆ తరువాత తోమడం, ఇలా వెనక నుంచి ముందుకు నేర్పారు. ప్రతిసారీ పని వాడి చేతి మీదుగానే పూర్తవుతుంది కాబట్టి, మధ్యలో విసిగి వదిలేయలేదన్నారు. ఎంత ఓపిక కావాలో ఇంట్లో ప్రయత్నించాకే నాకు అర్థమైంది.

నా బాధ అంతా ఆ పదకొండు నెలల గురించే. చేయి పట్టి చేయించారా, చేసి చూపించారా, మాటతో చెప్పారా, తనంతట తానే చేశాడా అని తేదీల వారీగా రాసిన ఫైలు కేంద్రం బీరువాలో ఉంది. మాకు ఎప్పుడూ చూపలేదు, మేమూ అడగలేదు. ఆ తరువాత మా కోరిక మీద రోజూ ఒక నోటు పుస్తకం పంపడం మొదలుపెట్టారు. ఏడాది పాటు దానివల్ల ఎంతో మేలు జరిగింది. కేంద్రంలో చెక్క చట్రానికి కుట్టిన పెద్ద గుండీలు చకచకా పెట్టే వాడు ఇంట్లో సొంత చొక్కా గుండీలు పెట్టలేకపోతున్నాడని రాస్తే, చొక్కానే పంపమన్నారు, నెలన్నరలో పెట్టుకోగలిగాడు.

అప్పట్లో ఈ కేంద్రం గురించి బంధువులందరికీ గొప్పగా చెప్పాను. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. ఆ టీచరు గారు వెళ్లిపోయారు. పుస్తకం ఇప్పటికీ వస్తోంది కానీ, చాలా రోజులు అందులో "బాగున్నాడు" అన్న ఒక్క మాటే ఉంటోంది. కొత్తగా వచ్చినవారు పదిహేను మందిని ఒక్కరే చూసుకోవాలి కనుక వారిని తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

అయినా మాన్పించే ఆలోచన లేదు. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, నాది రోజంతా ఉద్యోగం, వాడికి ఆ వ్యాను ఎక్కడమంటే ఇష్టం. మా వాడు నడవగలడు, మూర్ఛ లేదు. ఎత్తి దించవలసిన పిల్లలున్న వారికి, వ్యానులో ఒకే ఆయా ఉండే ఇటువంటి కేంద్రం సరిపోతుందని నేను చెప్పలేను. ఎక్కడ చేర్చినా ఆ ఫైలు నెలకొకసారి చూపిస్తారా అని మొదటి రోజే అడగండి.